బీఎడ్ ఇంటర్న్‌షిప్ ఆఖరి మూడు వారాలు: తీసుకున్న క్లాసును తిరిగి అప్పగించడం

ఇంటర్న్‌షిప్ మొదటి రోజు ఎలా ఉండాలో కాలేజీలో కావలసినంత చెబుతారు. ఆఖరి రోజు గురించి మాత్రం ఒక్కటే మాట వినిపిస్తుంది: రికార్డులు పూర్తి చేసి సబ్మిట్ చేయండి. దాంతో చాలామందికి చివరి వారమంతా సంతకాల కోసం తిరగడంతోనే గడిచిపోతుంది. అక్కడ ఎనిమిదో తరగతి పిల్లలకు సగం చెప్పిన అధ్యాయం మిగులుతుంది. రెగ్యులర్ టీచరుకు దాన్ని ఎక్కడ అందుకోవాలో తెలియదు. నిజానికి ఆ క్లాసు మీది కాదు, కొన్ని వారాలకు అరువు తెచ్చుకున్నది. తెచ్చుకున్నప్పటికంటే చెడకుండా తిరిగి ఇవ్వడమే ముగింపులో అసలు పని. రికార్డులు దాని వెనకే వస్తాయి.

ఇక్కడ చెప్పేదంతా రెండో సంవత్సరం ఇంటర్న్‌షిప్ గురించి, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 8, 9 తరగతులు తీసుకున్నవారిని దృష్టిలో పెట్టుకుని. ఉదాహరణలు గణితం నుంచి తీసుకున్నాం. మీ సబ్జెక్టు వేరైనా పద్ధతి ఇదే.

ముందు రెండు లెక్కలు

మొదటిది హాజరు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఎడ్‌లో స్కూల్ ఇంటర్న్‌షిప్ కనీసం 20 వారాలు: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. మామూలు తరగతులకు 80 శాతం హాజరు చాలు, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం ఉండాలి. ఈ తేడా గుర్తులేక ఇబ్బంది పడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. 16 వారాల్లో పండగ సెలవులు, రెండో శనివారాలు పోగా బడి 85 రోజులు నడిచిందనుకోండి. అందులో 90 శాతం అంటే 76.5, కాబట్టి 77 రోజులు మీరు ఉండాలి. మీకున్న సెలవులు ఎనిమిదే. వానకో బందుకో బడి మూసిన రోజును మొత్తం పనిదినాల్లోంచే తీసేస్తారు కాబట్టి దానివల్ల మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. మూడు వారాలు మిగిలి ఉండగానే బడి రిజిస్టరునూ కాలేజీ హాజరు షీటునూ పక్కపక్కన పెట్టి తేదీవారీగా సరిచూడండి. ఒకదానిలో సంతకం ఉండి రెండోదానిలో లేని రోజు ఎక్కడో ఒకటి దొరుకుతుంది. ఇప్పుడైతే బడిలో మీకు మార్గదర్శిగా ఉండే మెంటర్ టీచరుకు ఆ రోజు గుర్తుంటుంది. నెల పోయాక ఎవరికీ గుర్తుండదు.

రెండోది పీరియడ్లు. రోజుకు రెండు చొప్పున వారానికి 12, మూడు వారాలకు 36 అని టైంటేబుల్ చెబుతుంది. మీ చేతికి వచ్చేవి అన్ని కావు. ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకన) పరీక్షలు, ఆటల పోటీలు, వైద్య పరీక్షలు, ఎవరో అధికారి పర్యటన, ఏదో ఒక దినోత్సవం కొన్నింటిని మింగేస్తాయి. 25 దొరుకుతాయనుకుని పథకం వేసుకోండి. యూనివర్సిటీ అడిగిన పాఠాల సంఖ్యలో మీకింకా 20 మిగిలి ఉంటే అది గట్టి హెచ్చరికే. ఆ రోజే మెంటర్‌తోనూ కాలేజీ సూపర్‌వైజర్‌తోనూ మాట్లాడండి. ఒకే పీరియడ్‌లో చెప్పినదాన్ని రికార్డులో రెండు పాఠాలుగా విడగొట్టి రాయడం చాలామంది చేసే పని. వైవాలో (మౌఖిక పరీక్షలో) ముందు బయటపడేది కూడా అదే.

పాఠం ఎక్కడ ఆపాలి

వారాలను వెనకనుంచి లెక్కించండి. ఆఖరి వారం అప్పగింతకు, దాని ముందు వారం పరీక్షకూ తిరిగి చెప్పడానికీ, దానికీ ముందుది కొత్త పాఠం చెప్పే చివరి వారం. ఆఖరి రెండు వారాల్లో కొత్త అధ్యాయం మొదలుపెట్టకండి. మొదలుపెడితే అది సగంలో ఆగుతుంది. మీరు ఒక పద్ధతిలో ఎత్తుకున్న పాఠాన్ని రెగ్యులర్ టీచర్ మరో పద్ధతిలో ముగిస్తారు. పదమూడేళ్ల పిల్లలకు రెండూ కలగలిసిపోతాయి. ఆ సమయానికి ఉన్న అధ్యాయం ముందే అయిపోతే అభ్యాసంలో వదిలేసిన లెక్కలు, పద సమస్యలు చేయించండి. పిల్లలు తడబడేది ఎలాగూ అక్కడే.

పరీక్ష: మార్కులు వేయడంతో సగం పనే అవుతుంది

సాధన పరీక్ష (అచీవ్‌మెంట్ టెస్ట్) రికార్డు ఎలాగూ అడుగుతారు. ఆ రికార్డు కోసమే పరీక్ష పెట్టేవాళ్లు బ్లూప్రింటు (ప్రశ్నలకు మార్కులు పంచే పట్టిక) గీసి, మార్కులు వేసి, ప్రామాణిక విచలనం కట్టి, పౌనఃపున్య బహుభుజి గీసి మూసేస్తారు. పరీక్ష వల్ల పిల్లలకు ఒరిగేదేమీ ఉండదు. అదే పరీక్షను అప్పగింతకు ఆధారంగా వాడుకుంటే శ్రమ అంతే, ఉపయోగం రెండింతలు.

20 మార్కుల పేపరు, 40 నిమిషాలు చాలు. గణితంలో విద్యాప్రమాణాల (పిల్లల్లో పరీక్షించే సామర్థ్యాల) భారత్వం సమస్య సాధనకు 40 శాతం, కారణాలు చెప్పడం–నిరూపణకు 20, వ్యక్తపరచడానికి 10, అనుసంధానానికి 15, దృశ్యీకరణ–ప్రాతినిధ్యపరచడానికి 15గా తీసుకుంటే మార్కులు 8, 4, 2, 3, 3 అవుతాయి. ముందు పట్టిక వేసుకుని తర్వాత ప్రశ్నలు రాయండి. ప్రశ్నలు రాసేసి పట్టికను వాటికి సరిపెడితే చూసే కంటికి వెంటనే తెలిసిపోతుంది. ఇంగ్లిష్ మీడియం సెక్షన్ అయినా ముఖ్యమైన పదాలను రెండు భాషల్లోనూ ఇవ్వండి. లెక్క వచ్చిన పిల్ల ప్రశ్న అర్థంకాక మార్కు పోగొట్టుకుంటే ఆ పరీక్ష కొలిచింది లెక్కను కాదు.

దిద్దేటప్పుడు ఒక్కో పేపరు మొదటినుంచి చివరిదాకా దిద్దకండి. నలభై పేపర్లలోనూ ముందు ఒకటో ప్రశ్న, తర్వాత రెండోది, అలా వెళ్లండి. మార్కులు ఒకే తీరున పడతాయి, తప్పుల్లోని పోలికా కనబడుతుంది. పేపరుకు నాలుగు నిమిషాలు పట్టినా మొత్తం 160 నిమిషాలు, అంటే రెండు సాయంత్రాల పని. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని తప్పు రకాలను గీతలతో లెక్కించండి. ఉదాహరణకు ఎనిమిదో తరగతి రేఖీయ సమీకరణాల్లో ‘ఒక సంఖ్యను 3తో గుణించి 5 కలిపితే 20, ఆ సంఖ్య ఎంత’ అని అడిగారనుకోండి. తప్పులు ముఖ్యంగా మూడు రకాలుగా వస్తాయి. కొందరు 5ను అటువైపు తీసుకెళ్లి కూడికే ఉంచేసి 25 రాస్తారు. కొందరు 3ఎక్స్ = 15 దాకా సరిగ్గా వచ్చి, 15లోంచి 3 తీసేసి 12 అంటారు. ఇంకొందరికి పద్ధతి సరైనదే, భాగహారం తప్పుతుంది. ముగ్గురికీ పోయింది ఒక్క మార్కే, కావలసిన మందు మాత్రం వేరు.

రెండో రకం తప్పు ఎక్కువగా ఉంటే కారణం పిల్లల్లో కంటే మన మాటలో వెతకాలి. ‘అటు వెళ్తే గుర్తు మారుతుంది’ అని సూత్రంలా చెప్పి వదిలేస్తే, గుణకాన్ని కూడా వాళ్లు అలాగే పంపిస్తారు. బోర్డు మీద తక్కెడ గీయండి. రెండు పళ్లేల్లోంచీ 5 తీయండి, తర్వాత రెండింటినీ మూడు సమాన భాగాలు చేయండి. ‘అటు వెళ్లడం’ అన్న మాటే రాకుండా ఒక పీరియడ్ నడపండి. మర్నాడు అలాంటివే ఐదు లెక్కలతో పది నిమిషాల స్లిప్ టెస్టు పెట్టండి. ఎందరు బాగుపడ్డారో అంకెల్లో తెలుస్తుంది. చర్యాత్మక పరిశోధనకు (క్లాసులోని ఒక సమస్యను సరిదిద్ది ఫలితం చూసే అధ్యయనానికి) అంశం కోసం వెతుక్కుంటున్నవారికి ఇంతకంటే నిజాయితీ గల అంశం దొరకదు.

పేపర్లు రెండు రోజుల్లో తిరిగి ఇవ్వాలి. వారం దాటితే ఈ వయసువాళ్లు మార్కు చూసుకుని పేపరు మడిచేస్తారు, తప్పు చూడరు. మార్కులు పైకి చదవకండి, పేపరును బోర్లించి చేతికివ్వండి.

ప్రశ్నల విశ్లేషణ గురించి కొంచెం. నలభైమంది ఉంటే ఎక్కువ మార్కులు వచ్చిన 27 శాతం, అంటే 11 మందిని ఒకవైపు, తక్కువ వచ్చిన 11 మందిని మరోవైపు తీసుకోండి. ఒక ప్రశ్నకు పైవాళ్లలో 9 మంది, కిందివాళ్లలో 4 మంది సరిగా రాశారనుకుందాం. మొత్తం 13ను 22తో భాగిస్తే 0.59, ఇది ఆ ప్రశ్న ఎంత సులువో చెబుతుంది. తేడా 5ను 11తో భాగిస్తే 0.45, ఇది తెలిసినవాళ్లనూ తెలియనివాళ్లనూ ఎంత బాగా విడదీసిందో చెబుతుంది. ఈ రెండో సంఖ్య 0.2 కన్నా తగ్గితే ప్రశ్నను మళ్లీ చదవండి. రుణసంఖ్య వస్తే సాధారణంగా తప్పు మీదే: జవాబుపట్టికలో పొరపాటో, రెండర్థాలొచ్చే ప్రశ్నో అయి ఉంటుంది.

వెళ్తున్నామని పిల్లలకు ఎప్పుడు చెప్పాలి

నెల ముందే చెబితే నోట్సు రాయడం మానేస్తారు, ‘ఈ సార్ ఎలాగూ వెళ్లిపోతారు కదా’ అని. ఆఖరి రోజు చెబితే మోసపోయినట్టు ముఖం పెడతారు. పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజు, అంటే ఇంకో ఎనిమిది రోజులు ఉందనగా చెప్పడం సరైన సమయం. తేదీ చెప్పండి, ఆ తర్వాత ఎవరు వస్తారో చెప్పండి, ఆ రోజుకు ఏమేం అయిపోవాలో బోర్డు మీద రాయండి.

చెప్పాక క్లాసు మారుతుంది. నిన్నటిదాకా బుద్ధిగా ఉన్న కుర్రాడు చివరి బెంచీలోంచి కూతలు పెడతాడు. కొందరు ఆడపిల్లలు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరే తచ్చాడుతుంటారు. రెండింటికీ మూలం ఒకటే. అలవాటైన మనిషి వెళ్లిపోతున్నప్పుడు ఏం చేయాలో ఆ వయసుకు తెలియదు. మీరు చేయవలసింది పాత అలవాట్లను ఒక్కటి కూడా సడలించకపోవడం. హోంవర్కు చూసే సమయం, బోర్డు దగ్గరకు పిలిచే వరస, ఆలస్యంగా వచ్చినవాళ్లు నిలబడే చోటు, అన్నీ మొదటి వారంలో ఎలా ఉన్నాయో అలాగే. ‘పోనీలే, నాలుగు రోజులేగా’ అని ఒకరోజు వదిలేస్తే తర్వాతి మూడు రోజులూ చేతికి రావు. అల్లరి పెరిగినప్పుడు మాట ఆపేయండి, ఆ బెంచీ పక్కకు నడిచి అక్కడినుంచే పాఠం కొనసాగించండి. అప్పటికీ ఆగకపోతే పీరియడ్ అయ్యాక విడిగా మాట్లాడండి. ‘హెచ్‌ఎంకు చెబుతా’ అనడం వల్ల మీ మాటకు విలువ లేదని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. చేయి చేసుకోవడం, అందరిలో అవమానించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. అలసిపోయిన ఆఖరి వారంలోనే చేయి లేచే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఇక్కడ గుర్తుచేయవలసి వచ్చింది.

చీటీయో ప్రేమలేఖో అందితే నలుగురిలో చదవకండి, నవ్వకండి, దాచుకోకండి. అదే రోజు మెంటర్‌కు చూపించండి. ఆ పిల్లతోనో పిల్లాడితోనో ఒంటరిగా తలుపు మూసి మాట్లాడవద్దు. వెళ్లిపోయే టీచరుకే మనసులోని మాట చెప్పేసే పిల్లలూ ఉంటారు. ఇంట్లో దెబ్బలు, ఎవరో తాకడం, పెళ్లి కుదిర్చారన్న మాట, ఇలాంటివి వింటే ‘ఎవరికీ చెప్పను’ అని ఒట్టు వేయకండి. విన్నది ఆ పిల్ల మాటల్లోనే రాసుకుని ఆ రోజే హెచ్‌ఎంకు చెప్పండి. లైంగిక వేధింపు అని తెలిసినప్పుడు పోలీసులకు తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరి బాధ్యత. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098.

ఫైనల్ లెసన్

ఎగ్జామినర్ కూర్చునే పాఠాన్ని ముందురోజు అదే పిల్లలకు చెప్పి రిహార్సల్ వేయించకండి. అడగకముందే చేతులు లేస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. పైగా కొత్తదనం లేక క్లాసు ఆవలిస్తుంది. అధ్యాయానికి మొదటి పాఠం కాకుండా మధ్యలోని ఒక చిన్న భావన ఎంచుకోండి. పూర్వజ్ఞానం పరీక్షించడం నటనలా కాకుండా సహజంగా జరుగుతుంది. 45 నిమిషాలను సుమారుగా ఇలా పంచుకోండి: ముందుపాఠం గుర్తుచేయడానికి 5, కొత్త భావనకు 18, పిల్లలే చేయడానికి 14, మూల్యాంకనానికి 5, ఇంటిపనికి 3. చాలా పాఠాలు చెడేది రెండో దశ ముప్ఫై నిమిషాలకు సాగినందువల్లే. పిల్లల చేతికి పని వచ్చేసరికి గంట కొడతారు.

చార్టు ముందురోజు గోడకు తగిలించి చివరి బెంచీలో కూర్చుని చదవండి. చదవలేకపోతే అక్షరాలు పెద్దవి చేయాలి. మూడు చార్టులకంటే నాలుగు అగ్గిపుల్లలు పిల్లల చేతుల్లో ఎక్కువ పని చేస్తాయి. బోర్డు ఎడమ పక్క ముఖ్యాంశాలకు, కుడి పక్క చిత్తులెక్కలకు విడదీసుకుని, ఎడమపక్క చివరిదాకా చెరపకండి. కరెంటు మీద ఆధారపడే పాఠమైతే కరెంటు లేకుండా చెప్పే దారి కూడా సంచిలో ఉండాలి.

రికార్డులూ సంతకాలూ

ఏ రోజు పాఠానికి ఆ రోజే మెంటర్ సంతకం, వారానికోసారి హెచ్‌ఎం సంతకం. ఈ అలవాటు ఇప్పటిదాకా లేకపోతే ఈ ఆఖరి మూడు వారాల మొదటినుంచైనా మొదలుపెట్టండి. ఆఖరి రోజున హెచ్‌ఎం స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సమూహం) మీటింగుకో శిక్షణకో వెళ్తారు. ముద్ర బీరువాలో ఉంటుంది, తాళంచెవి ఆయన దగ్గర ఉంటుంది. ఖాళీ పేజీల మీద ముందే సంతకాలు పెట్టించుకోవడం మాత్రం వద్దు.

తేదీలే ఎక్కువమందిని పట్టిస్తాయి. పాఠ్యపథకం మీది తేదీ ఆదివారం, చర్యాత్మక పరిశోధనలో రెండో పరీక్ష జరిగిన రోజు దసరా సెలవు, తోటి విద్యార్థి పాఠాన్ని పరిశీలించిన పీరియడ్‌లోనే మీరు మరో సెక్షన్‌లో బోధించినట్టు ఇంకో రికార్డు. క్యాలెండరు, టైంటేబుల్, హాజరు షీటు ముందు పెట్టుకుని ఒక సాయంత్రం ఈ మూడింటినీ రికార్డులతో పోల్చండి. తప్పు కనబడితే ఒక్క గీతతో కొట్టేసి పక్కన సరైనది రాసి మెంటర్‌తో పొడి సంతకం చేయించండి. వైట్‌నర్ పూస్తే అనుమానం పెరుగుతుంది.

కేస్ స్టడీలో పిల్లల పేరు, కులం, ఆధార్ నంబరు, ఇంటి అడ్రసు రాయనక్కరలేదు, ‘విద్యార్థి క’ అంటే చాలు. ‘తండ్రి తాగుబోతు’ అని ఎవరో చెప్పినదాన్ని రాసేయకండి. మీరు చూసింది, లెక్కించింది మాత్రమే రాయండి: ‘22 పనిదినాల్లో 9 రోజులు గైర్హాజరు, అందులో 6 సోమవారమో మంగళవారమో.’ ఇలాంటి ఒక్క వాక్యం పేజీ వర్ణనకంటే గట్టిది. పిల్లల ముఖాలు కనిపించే ఫోటోలు రికార్డులో పెట్టేముందు హెచ్‌ఎం అనుమతి తీసుకోండి. వాట్సాప్ స్టేటస్‌లో అసలే వద్దు.

అప్పగింత కాగితం

ఏ యూనివర్సిటీ అయినా దీన్ని అడగకపోవచ్చు, మేం మాత్రం తప్పనిసరి అంటాం. ఒక ఏ4 కాగితం, ఒక వైపు. అధ్యాయం పేరు, అభ్యాసం ఎక్కడిదాకా అయింది, వదిలేసిన లెక్కల నంబర్లు. నోటుబుక్కులు ఏ తేదీ వరకు దిద్దారు. ఎఫ్‌ఏ కోసం తీసుకున్న ప్రాజెక్టులు, స్లిప్ టెస్టుల మార్కుల జాబితా. సీట్లు మార్చి ఉంటే ఎవరిని, ఎందుకు. చివరగా ఐదారుగురు పిల్లల గురించి ఒక్కో వాక్యం. ‘మొద్దు’, ‘చురుకు’ లాంటి మాటలు పనికిరావు. ‘రోల్ నంబర్ 14: రుణసంఖ్యల తీసివేత రాదు, మిగతా పద్ధతి తెలుసు’ అంటే టీచర్ మర్నాడే పని మొదలుపెట్టగలరు. ‘రోల్ నంబర్ 31: బోర్డు కనబడటం లేదు, ముందు బెంచీ ఇవ్వాలి, కంటి పరీక్ష గురించి ఇంటికి ఇంకా చెప్పలేదు’ అన్నది కూడా రాయాలి.

కాగితం ఇచ్చేసి రావద్దు, పది నిమిషాలు కూర్చుని చదివి వినిపించండి. వీలైతే చివరి మూడు పీరియడ్లలో మొదటిది మీరు చెప్పండి, రెండోది ఇద్దరూ కలిసి, మూడోది రెగ్యులర్ టీచర్ చెబుతుంటే మీరు వెనక కూర్చోండి. క్లాసు చేతులు మారిందని పిల్లలు కళ్లతో చూస్తారు. మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించమని ఎవరైనా తమ లాగిన్ ఇస్తే మర్యాదగా తప్పించుకోండి. జాబితా ఇవ్వడం వరకే మీ పని.

ఆఖరి పీరియడ్

కేకు కోసం క్లాస్ లీడర్ తలా ఇరవై రూపాయలు పోగుచేస్తున్నట్టు తెలిస్తే వెంటనే ఆపించి డబ్బులు తిరిగి ఇప్పించండి. ఇవ్వలేని పిల్లలు ఆ రోజు బడికే రారు. సొంతంగా గీసిన గ్రీటింగు కార్డు తీసుకోవచ్చు, కొన్న వస్తువు వద్దు. ఈ మాట రెండు రోజుల ముందే క్లాసులో చెప్పేస్తే ఎవరినీ తిప్పి పంపే అవసరం రాదు.

మొదటి పది నిమిషాలు నోటుబుక్కులు, ప్రాజెక్టులు, మీ దగ్గరున్న పిల్లల స్కేళ్లు, పెన్నులు అన్నీ తిరిగి ఇచ్చేయండి. తర్వాత పదిహేను నిమిషాలు పేరు రాయని చీటీలు. ‘నా పాఠం ఎలా ఉంది’ అని అడిగితే నలభై చీటీల్లోనూ ‘సూపర్ సార్’ అనే వస్తుంది. అడగవలసినవి వేరు: ఏ లెక్క దగ్గర ఆగిపోయారు? ఏ రోజు క్లాసు అర్థం కాలేదు? నేను ఏది తొందరగా చెప్పేశాను? చీటీలను లీడర్ కవర్లో వేసి అంటించాలి, మీరు ఇంటికెళ్లి తెరవాలి. వీటిలో నాలుగైదు నిజమైన మాటలుంటాయి. ‘మీ బోధనలో లోపమేంటి’ అని వైవాలో అడిగినప్పుడు జవాబు అక్కడ దొరుకుతుంది.

ఫోన్ నంబరు, ఇన్‌స్టా ఐడీ అడుగుతారు. ‘బడి పని ఉంటే మీ టీచర్ ద్వారా కబురు పంపండి’ అని అందరికీ ఒకే జవాబు ఇవ్వండి. ఒక్కరికి ఇస్తే సాయంత్రానికి నలభైమంది దగ్గర ఉంటుంది. ‘మళ్లీ వస్తా’ అని మాటివ్వకండి. రాకపోతే ఎదురుచూసేది వాళ్లే. మిగిలిన సమయంలో ఏడుపులు పెట్టించే ప్రసంగం కంటే ఒక పొడుపులెక్క ఇవ్వడం మేలు. గంట కొట్టేదాకా దాన్తో కొట్టుకుంటారు.

బయటికి వచ్చేముందు లైబ్రరీ పుస్తకాలు, ల్యాబ్ సామాను, స్టాఫ్‌రూమ్ బీరువా తాళం ఇచ్చేసి రిజిస్టరులో సంతకం చేయించుకోండి. హాజరు ధ్రువపత్రం చేతికి రాగానే అక్కడే నిలబడి చదవండి: టెన్త్ మెమోలో ఉన్నట్టే పేరు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, మొత్తం పనిదినాలు, మీరు హాజరైన రోజులు, హెచ్‌ఎం సంతకం మీదుగా ముద్ర. అందులోని అంకె మీ హాజరు షీటులోని అంకెతో కలవాలి. జిరాక్సులు రెండు తీయించి ఒకటి ఇంట్లో ఉంచుకోండి, అసలు కాగితం కాలేజీకి వెళ్తే మళ్లీ చేతికి రావడం కష్టం.